పారీ జీపీ రివ్యూ: పెద్ద సంఖ్య లక్షణాలు తేల్చడానికి దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

12345678987654321. పదిహేడంకెల ఈ సంఖ్యని ఎక్సెల్ గడిలో కొట్టి, ఫార్మాట్‌ని నంబర్‌గా మార్చి చూడండి. చివరి రెండంకెలు పోయి 12345678987654300 కనిపిస్తుంది. బ్రౌజర్‌లో నడిచే చాలా మామూలు కాలిక్యులేటర్లు దాన్నే 12345678987654320 చేసేస్తాయి. ఒక్క అంకె తేడాతో బేసి సంఖ్య సరి సంఖ్య అయిపోయింది, 3తో భాగిస్తే శేషం లేకుండా పోయేది ఇప్పుడు పోదు, 10తో పోతుంది. అసలు సంఖ్య 111111111కి వర్గం. మారిన సంఖ్య దేనికీ వర్గం కాదు. తెర మీద మాత్రం హెచ్చరిక ఏమీ ఉండదు.

కారణం తెలిసిందే. ఈ సాధనాలు సంఖ్యని 53 బిట్ల ఖచ్చితత్వంతో దాచుకుంటాయి. 2^53 అంటే 9007199254740992 దాటగానే బేసి సంఖ్యలు ఒక్కటీ అందులో ఇమడవు. ఇంకా పైకి వెళ్తే నాలుగు సంఖ్యలకి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి మాత్రమే మిగులుతాయి. ఎక్సెల్ 15 అంకెల దగ్గరే గీత గీసుకుంది. కొలతలకీ లెక్కాపద్దులకీ ఇది చాలు. కానీ ఒక పూర్ణసంఖ్య లక్షణాలు, అంటే అది ప్రధానమా సంయుక్తమా, దాని కారణాంకాలేమిటి, భాజకాలు ఎన్ని, వర్గమా ఘనమా అని అడిగేటప్పుడు చివరి అంకె కూడా మొదటి అంకెతో సమానమే. అందుకే ఈ పనికి ప్రత్యేకంగా కట్టిన సాధనం కావాలి. వాటిలో అన్నిటికంటే ముందు చేతిలో ఉండాల్సింది పారీ జీపీ.

ఇది ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో ఆన్రీ కోయెన్, ఆయన సహచరులు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. తర్వాత కరీమ్ బెలబాస్ ఆధ్వర్యంలో సాగుతోంది. జీపీఎల్ లైసెన్సు, పూర్తిగా ఉచితం. పారీ అనేది సీ భాషలో రాసిన లైబ్రరీ, జీపీ అనేది దాని మీద కూర్చున్న ఆదేశాల తెర. మనం వాడేది జీపీనే. విండోస్‌కి సిద్ధంగా ఇన్‌స్టాలర్ ఉంది. లినక్స్‌లో ప్యాకేజీ మేనేజర్‌లో, మ్యాక్‌లో హోమ్‌బ్రూలో దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌కి పారీడ్రాయిడ్ ఉంది. ఏదీ ఎక్కించుకోకుండా చూడాలనుకుంటే అధికారిక సైట్‌లోనే బ్రౌజర్‌లో నడిచే రూపం ఉంది, అయితే పెద్ద లెక్కలకి అది నెమ్మది. వాళ్ల సైట్‌లో విడిగా ఇచ్చే డేటా ప్యాకేజీలు ఈ పనికి అక్కర్లేదు.

ఆదేశాల పేర్లు ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. ‘మాడ్’ ఒక్కదానికి మాత్రం మొదటి అక్షరం పెద్దది.

సంఖ్యని లోపలికి ఇవ్వడంలోనే సగం తప్పులు జరుగుతాయి కాబట్టి ముందు అది. కామాలతో ఉన్న సంఖ్యని అలాగే అతికిస్తే జీపీ సింటాక్స్ ఎర్రర్ అంటుంది. కామాలు తీసేయాలి. వందకి ఇరవయ్యో ఘాతం లాంటివి 100^20 అని గుర్తుతో రాయాలి. ‘1ఇ20’ తరహా శాస్త్రీయ రూపంలో కొడితే జీపీ దాన్ని పూర్ణసంఖ్యగా కాక దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది, ఆ తర్వాత అడిగేవి దేనికీ సరైన అర్థం ఉండదు. స్ప్రెడ్‌షీట్ నుంచి కాపీ చేసిన సంఖ్య అయితే జీపీకి ఇచ్చే ముందే చూసుకోవాలి. చివర అనుమానాస్పదంగా సున్నాలు బారులు తీరి ఉంటే సంఖ్య అక్కడే పాడైందని అర్థం, జీపీ దాన్ని బాగుచేయలేదు. ఇచ్చాక ‘డిజిట్స్’ పొడవు ఎంతుందో, ‘సమ్‌డిజిట్స్’ ఎంతుందో మూలంతో సరిపోల్చుకోవడం పదిసెకన్ల పని, దాన్ని వదలొద్దు.

భాగహారం దగ్గర ఇంకో మెలిక ఉంది. మామూలు ఏటవాలు గీతతో భాగిస్తే భిన్నం వస్తుంది, వెనక్కి వాలిన గీతతో భాగిస్తే పూర్ణాంక భాగఫలం వస్తుంది, శాతం గుర్తు శేషం ఇస్తుంది. వర్గమూలం సంగతి మరీ జాగ్రత్త. ‘స్క్వేర్‌రూట్’ ఆదేశం, అంటే ఎస్‌క్యూఆర్‌టీ, మామూలుగా 38 అంకెల ఖచ్చితత్వంతోనే జవాబిస్తుంది. వంద అంకెల సంఖ్యకి దాని వర్గమూలం యాభై అంకెలు, అంటే ఆఖరి పన్నెండంకెలు నమ్మదగినవి కావు. పూర్ణాంక వర్గమూలం కావాలంటే అదే పేరు చివర ‘ఇంట్’ చేర్చిన ఆదేశం ఉంది. వర్గమా కాదా అని మాత్రమే కావాలంటే ‘ఈజ్‌స్క్వేర్’. ఎన్నో ఘాతమో కావాలంటే ‘ఈజ్‌పవర్’. పైన చెప్పిన 12345678987654321కి ‘ఈజ్‌పవర్’ 2 అని చెబుతుంది, అంటే వర్గం తప్ప అంతకంటే పెద్ద ఘాతం కాదని.

ఇక అసలు ఆదేశం ‘ఫ్యాక్టర్’. అదే సంఖ్యకి అడిగితే రెండు నిలువు వరసల పట్టిక వస్తుంది. ఎడమవైపు ప్రధాన కారణాంకాలు, కుడివైపు వాటి ఘాతాలు: 3కి 4, 37కి 2, 333667కి 2. ఘాతాలన్నీ సరి సంఖ్యలే కాబట్టి వర్గమని ఇక్కడే కనిపిస్తుంది. ఘాతాలకి ఒక్కోటి కలిపి గుణిస్తే 5 × 3 × 3 = 45 భాజకాలు, ‘న్యూమ్‌డివ్’ కూడా 45 అనే చెబుతుంది. 333667 చూడ్డానికి ఎక్కడి నుంచో ఊడిపడినట్టుంటుంది గానీ దాని వెనక మంచి లెక్క ఉంది. 10^9 - 1 అంటే తొమ్మిది తొమ్మిదులు. దాన్ని విడగొడితే 3^4 × 37 × 333667. అందుకే 1ని 333667తో భాగిస్తే 0.000002997 000002997 అంటూ తొమ్మిదేసి అంకెలు తిరిగి తిరిగి వస్తాయి. ‘జెడ్‌ఎన్ఆర్డర్’ ఆదేశానికి ‘మాడ్(10, 333667)’ ఇస్తే 9 అని ఆ ఆవర్తన పొడవు నేరుగా చెబుతుంది. పెద్ద ప్రధాన సంఖ్యలకి దశాంశ ఆవర్తనం కనుక్కోవడానికి చేత్తో భాగించుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఇక్కడ ఒక పద్ధతి మొదటి నుంచీ అలవాటు చేసుకోవాలి. భాజకాల సంఖ్య, భాజకాల మొత్తం, ఆయిలర్ ఫై (సంఖ్య లోపు, దానితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని సంఖ్యలెన్ని), వర్గరహితమా (ఏ ప్రధాన కారణాంకమూ రెండోసారి రాకుండా ఉందా) కాదా, మోబియస్ విలువ (వర్గరహితం కాకపోతే 0, అయితే ప్రధాన కారణాంకాల సంఖ్య సరైతే 1, బేసైతే -1) అన్న ప్రతి ప్రశ్నకీ లోపల జరిగేది కారణాంక విభజనే. ఒక్కో ఆదేశానికీ విడిగా సంఖ్యనే ఇస్తే అంత పెద్ద పనీ ప్రతిసారీ మొదటి నుంచి జరుగుతుంది. చిన్న సంఖ్యలకి తెలియదు, డెబ్బై ఎనభై అంకెలకి ప్రాణం తీస్తుంది. ఒక్కసారి ‘ఫ్యాక్టర్’ చేసి ఆ పట్టికని ఒక పేరుతో దాచుకుని, ‘సిగ్మా’కీ ‘ఆయిలర్‌ఫై’కీ ‘న్యూమ్‌డివ్’కీ ‘మోబియస్’కీ ఆ పట్టికనే ఇవ్వండి. అవన్నీ పట్టికని తీసుకుంటాయి, జవాబు తక్షణం వస్తుంది. జీపీలో ఎక్కువగా మెచ్చుకోవాల్సిన సౌకర్యాల్లో ఇదొకటి. చాలా వెబ్ కాలిక్యులేటర్లలో లేదు.

ఒక సంఖ్యని దగ్గరగా పెట్టి చూద్దాం: 2^67 - 1, అంటే 147573952589676412927. 21 అంకెలు, అంకెల మొత్తం 109. 1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో పెట్టాడు. 1876లో లుకాస్ అది ప్రధానం కాదని నిరూపించాడు, కానీ కారణాంకాలు మాత్రం తెలియలేదు. 1903 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపించాడు: 193707721 × 761838257287. జీపీలో ‘ఫ్యాక్టర్(2^67-1)’ కొడితే ఇవే రెండూ రెప్పపాటులో వస్తాయి. దాచుకున్న పట్టిక నుంచి మిగతావి: భాజకాలు 4, మోబియస్ విలువ 1, ఆయిలర్ ఫై 147573951827644447920, భాజకాల మొత్తం 147573953351708377936. ఆ మొత్తంలోంచి సంఖ్యని తీసేస్తే 762031965009, సంఖ్యలో రెండు కోట్లవ వంతు కూడా లేదు, కాబట్టి ఇది బాగా లోటు సంఖ్య, అంటే తను కాక మిగతా భాజకాల మొత్తం తనకంటే తక్కువున్నది. ఆ మొత్తం తనతో సమానమయ్యే పరిపూర్ణ సంఖ్య ఎలా ఉంటుందో చూడాలంటే 2^60 × (2^61 - 1) ఇచ్చి ‘సిగ్మా’ని సంఖ్యతో భాగించండి, సరిగ్గా 2 వస్తుంది.

రెండు కారణాంకాల్లోంచీ 1 తీసేస్తే రెండూ 134తో నిశ్శేషంగా పోతాయి: 1445580 సార్లు ఒకటి, 5685360129 సార్లు ఇంకొకటి. 134 అంటే 67కి రెట్టింపు. 2^67 - 1కి ఏ ప్రధాన కారణాంకమైనా ఇలాగే ఉండి తీరాలి. కాబట్టి ఇలాంటి రూపంలో ఉన్న సంఖ్యకి కారణాంకాలు వెతికేవాళ్లు అన్ని ప్రధాన సంఖ్యలతో భాగించరు, 134 గుణిజాలకి ఒకటి కలిపినవాటితోనే భాగిస్తారు. వచ్చిన జవాబుని సరిచూసుకోవడానికీ ఇదే మంచి పరీక్ష.

విడగొట్టకుండా తేలే లక్షణాలు కూడా ఉన్నాయని మరిచిపోవద్దు. ఈ సంఖ్యని 8తో భాగిస్తే శేషం 7. అంతే చాలు: దీన్ని రెండు వర్గాల మొత్తంగా గానీ మూడు వర్గాల మొత్తంగా గానీ రాయలేం, కనీసం నాలుగు కావాలి. 147 అంకెలున్న సంఖ్యకైనా ఇది చివరి మూడంకెలు చూసి చెప్పే మాట. ద్వియాంశ రూపంలో 67 ఒకట్లు వరసగా ఉంటాయి, దాన్ని ‘బైనరీ’ చూపిస్తుంది.

ఇప్పుడు ఈ రివ్యూలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ప్రధాన సంఖ్య అని ఒక సాధనం చెప్పినప్పుడు అది నిరూపించి చెప్పిందా, ప్రధానమై ఉండొచ్చని చెప్పిందా? మామూలు పరీక్ష ఫెర్మా పద్ధతి: 2ని సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి పెంచి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి, రాకపోతే ప్రధానం కాదు. జీపీలో ‘మాడ్(2, 2^67-1)’ని 2^67 - 2 ఘాతానికి పెంచి చూడండి. శేషం 1 వస్తుంది. రెండు పెద్ద కారణాంకాలున్నాయని ఇప్పుడే చూసిన సంఖ్య పరీక్ష పాసైంది! 67 ప్రధానం కాబట్టి 2^67 - 2 అనేది 67తో పోతుంది, 2కి ఈ సంఖ్య దృష్ట్యా ఆవర్తనం (శేషం మొదటిసారి 1 వచ్చే ఘాతం) సరిగ్గా 67, అందుకని పాసవక తప్పదు. దీనికంటే గట్టిదైన మిల్లర్ రాబిన్ పరీక్షని బేస్ 2తో (ఘాతానికి పెంచే సంఖ్యగా 2 పెట్టి) చేసినా ఇదే గతి. ప్రధాన ఘాతం ఉన్న మెర్సెన్ సంఖ్యలన్నీ (2 ఘాతంలోంచి 1 తీసేసినవి), సంయుక్తమైనవి కూడా, బేస్ 2 పరీక్షని దాటేస్తాయి. బేస్ 2 ఒక్కదాని మీద ఆధారపడ్డ చిన్న ప్రోగ్రాములు ఇక్కడే బోల్తా పడతాయి.

జీపీలో ‘ఈజ్‌సూడోప్రైమ్’ ఆదేశం వాడేది బీపీఎస్‌డబ్ల్యూ పరీక్ష. బెయిలీ, పోమరన్స్, సెల్‌ఫ్రిజ్, వాగ్‌స్టాఫ్ అనే నలుగురి పేర్ల మీద వచ్చింది. అందులో మొదటి సగం బేస్ 2తో మిల్లర్ రాబిన్, రెండో సగం లుకాస్ శ్రేణి మీద ఆధారపడ్డ పరీక్ష. 2^67 - 1 మొదటి సగం దాటి రెండో సగంలో దొరికిపోతుంది. జవాబు 0, అంటే ప్రధానం కాదు. ఈ జంట పరీక్ష 0 అంటే అది నిరూపణే. 1 అంటే మాత్రం, 2^64 లోపు సంఖ్యలన్నిటికీ సరిచూశారు కాబట్టి అక్కడిదాకా నిరూపణతో సమానం. అంతకు మించి, పొరపడ్డ సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు గానీ దొరకదని నిరూపించినవాళ్లూ లేరు.

నిరూపణ కావాలంటే ‘ఈజ్‌ప్రైమ్’. ఇది మొదట అదే జంట పరీక్ష చేసి, పాసైతే సంఖ్య పరిమాణాన్ని బట్టి ఏపీఆర్‌సీఎల్, ఈసీపీపీ లాంటి పద్ధతుల్లో అసలైన నిరూపణకి దిగుతుంది. మూడొందల అంకెలకి మామూలు ల్యాప్‌టాప్‌లో కొన్ని సెకన్ల పని. వెయ్యి అంకెల దగ్గర ఓపిక కావాలి. ‘ప్రైమ్‌సర్ట్’ వాడితే నిరూపణ పత్రమే చేతికొస్తుంది, ఇంకొకరు ‘ప్రైమ్‌సర్ట్‌ఈజ్‌వాలిడ్’తో దాన్ని తమ యంత్రంలో సరిచూసుకోవచ్చు. ఎవరికైనా ఒక సంఖ్య ప్రధానమని గట్టిగా చెప్పాల్సిన చోట ఈ పత్రం జత చేయడం మర్యాద.

ఇక్కడే జీపీ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. ‘ఫ్యాక్టర్’ ఇచ్చే పట్టికలోని పెద్ద కారణాంకాలు మామూలుగా బీపీఎస్‌డబ్ల్యూ పాసైనవే తప్ప నిరూపించినవి కావు. ‘ఫ్యాక్టర్_ప్రూవెన్’ అనే సెట్టింగ్ మామూలుగా 0గా ఉంటుంది. దాన్ని 1 చేస్తేనే ప్రతి కారణాంకాన్నీ నిరూపించి ఇస్తుంది. మాన్యువల్‌లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది, కానీ పట్టిక పక్కన ఒక చిన్న గుర్తు పెట్టి ఉంటే చదవనివాళ్లకి కూడా తెలిసేది. వేగం కోసం అలా వదిలారని అర్థమవుతుంది. అయినా ఖచ్చితత్వమే ప్రాణమైన సాధనంలో ఇది మొదట్లోనే కనిపించాల్సిన విషయం. జీపీ సెట్టింగుల ఫైల్‌లో, అంటే లినక్స్‌లో చుక్క జీపీఆర్‌సీ, విండోస్‌లో జీపీఆర్‌సీ టెక్స్ట్ ఫైల్‌లో, ఈ ఒక్క లైను రాసి పెట్టుకుంటే ఇక మరిచిపోయే ప్రసక్తి ఉండదు.

వేగం గురించి చాలామందికి ఉన్న అపోహ: సంఖ్య ఎంత పొడవైతే అంత కష్టమని. అలా కాదు. 100! తీసుకోండి, అంటే 1 నుంచి 100 వరకు అన్ని సంఖ్యల లబ్ధం. 158 అంకెలు, చివర 24 సున్నాలు. జీపీ దాన్ని వెంటనే విడగొడుతుంది, ఎందుకంటే కారణాంకాలన్నీ వంద లోపువే. అదే రెండు యాభై అంకెల ప్రధాన సంఖ్యల లబ్ధం వంద అంకెలే, కానీ గంటల పని. కష్టాన్ని నిర్ణయించేది సంఖ్య పొడవు ఒక్కటే కాదు, రెండో పెద్ద కారణాంకం పొడవు కూడా. జీపీ లోపల జరిగే క్రమం చూస్తే ఇది అర్థమవుతుంది. ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తుంది. ఆ తర్వాత పొలార్డ్ రో, షాంక్స్ పద్ధతి. ఆపైన దీర్ఘవృత్త వక్రాల పద్ధతి, అంటే ఈసీఎమ్. చివరికి ఎంపీక్యూఎస్ అనే వర్గ జల్లెడ. షాంక్స్ పద్ధతిని పక్కన పెడితే మొదటి మూడు దశలకి పట్టే సమయం కారణాంకం చిన్నదా పెద్దదా అన్నదాని మీద ఆధారపడుతుంది. చివరి జల్లెడకి మాత్రం మిగిలిన సంఖ్య మొత్తం పొడవే లెక్క.

ఫెర్మా సంఖ్యల్లో, అంటే 2^(2^n) + 1 రూపంలో ఉండేవాటిలో, ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. 2^128 + 1 అంటే 39 అంకెలు. 1970లో మోరిసన్, బ్రిల్‌హార్ట్ దీన్ని 59649589127497217 × 5704689200685129054721గా విడగొట్టారు. అప్పట్లో అది ఘనకార్యం, జీపీలో ఇప్పుడు సెకను కూడా పట్టదు. 2^256 + 1 అంటే 78 అంకెలు. అయినా దాని చిన్న కారణాంకం 1238926361552897కి పదహారంకెలే, అందుకని జల్లెడ దాకా వెళ్లకుండానే ముందు దశల్లో పడిపోతుంది. దీన్ని 1980లో బ్రెంట్, పొలార్డ్ ఇద్దరూ కలిసి రో పద్ధతితోనే పట్టుకున్నారు. 2^512 + 1 అంటే 155 అంకెలు. 2424833 వెంటనే ఊడి వస్తుంది, మిగిలిన 148 అంకెల సంఖ్యలో ఒకదానికి 49 అంకెలు, ఇంకొకదానికి 99 అంకెలు. అక్కడ జీపీ నిలబడిపోతుంది. 1990లో ఆ పని చేయడానికి సంఖ్యా క్షేత్ర జల్లెడ అనే ఇంకా బలమైన పద్ధతి కావాల్సి వచ్చింది.

కాబట్టి తెలియని పెద్ద సంఖ్య ఇచ్చినప్పుడు నేరుగా ‘ఫ్యాక్టర్’ కొట్టి గంటలకొద్దీ ఎదురు చూడొద్దు. ముందు ‘ఈజ్‌సూడోప్రైమ్’ అడగండి. ప్రధానమే అయితే విడగొట్టేదేమీ లేదు. సంయుక్తమైతే ‘ఈజ్‌పవర్’. తర్వాత ‘ఫ్యాక్టర్’కి రెండో విలువగా 10^7 లాంటి హద్దు ఇస్తే అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో మాత్రమే భాగించి ఆపేస్తుంది. ఇలా వచ్చిన పట్టికలో ఆఖరి గడిలో ఉన్నది ప్రధానం కాకపోవచ్చు, ఆ పట్టికని ‘సిగ్మా’కి ఇచ్చేస్తే తప్పు జవాబొస్తుంది. మిగిలిన భాగం అరవై అంకెల లోపైతే నిశ్చింతగా ‘ఫ్యాక్టర్’ కొట్టొచ్చు, సెకన్లలో తేలుతుంది. ఎనభై దగ్గర నిమిషాలు. వంద దగ్గర గంటలు. అంతకు మించితే ‘ఫ్యాక్టర్‌ఇంట్’కి రెండో విలువగా 1 ఇచ్చి జల్లెడ లేకుండా, లేదా 8 ఇచ్చి చివరి భారీ ఈసీఎమ్ లేకుండా ప్రయత్నించొచ్చు. 8 ఇచ్చినప్పుడూ సంయుక్త భాగం మిగిలి ఉండొచ్చు, అది గుర్తుంచుకోవాలి. సంఖ్యకి బీజగణిత రూపం ఉంటే యంత్రానికి ఇచ్చే ముందే మనం విడగొట్టాలి. 2^240 - 1 లాంటిదాన్ని (2^120 - 1) × (2^120 + 1) చేసి, మొదటి భాగాన్ని మళ్లీ అలాగే విడగొట్టి, ముక్కల్ని విడివిడిగా ఇవ్వాలి.

నడుస్తున్నప్పుడు తెర మౌనంగా ఉంటుంది. పని ఎంతవరకు వచ్చిందో చెప్పే గీత ఉండదు, కొత్తవాళ్లకి హ్యాంగ్ అయిందనిపిస్తుంది. వెనక్కి వాలిన గీత, జీ, 4 కలిపి కొడితే డీబగ్ స్థాయి పెరిగి లోపల ఏ పద్ధతి నడుస్తోందో, ఏ కారణాంకం దొరికిందో ఒక్కో లైనుగా వస్తుంది. కంట్రోల్ సీతో మధ్యలో ఆపితే అప్పటిదాకా దొరికినవి పోతాయి. అందుకని డీబగ్ లైన్లలో కనిపించిన కారణాంకాన్ని ‘యాడ్‌ప్రైమ్స్’తో చేర్చుకోండి, తర్వాత ‘ఫ్యాక్టర్’ మొదలుపెట్టగానే దాన్ని ముందే తీసేస్తుంది. హ్యాష్ గుర్తు ఒక్కటే కొడితే ప్రతి జవాబు కింద పట్టిన సమయం చూపిస్తుంది.

జ్ఞాపకశక్తి విషయంలో జీపీ పిసినారి. మొదట్లో ఎనిమిది మెగాబైట్ల స్టాకే (లెక్కలకి వాడుకునే మెమరీ) ఇస్తుంది. నిండిపోతే స్టాక్ ఓవర్‌ఫ్లో అని ఆగిపోతుంది, లెక్క పోతుంది. ‘అలకేట్‌మెమ్(10^9)’ కొడితే దాదాపు ఒక గిగాబైట్ దొరుకుతుంది. సెట్టింగుల ఫైల్‌లో ‘పారీసైజ్‌మ్యాక్స్’ పెట్టుకుంటే అవసరం మేరకు తనే పెంచుకుంటుంది. కానీ ఎంత జ్ఞాపకం ఇచ్చినా కొన్ని కోరికలు తీరవు. ‘డివైజర్స్’ భాజకాలన్నిటినీ ఒక్కసారిగా వరస పెడుతుంది. 897612484786617600కి భాజకాలు 103680, 10^18 లోపు సంఖ్యల్లో ఇంతకంటే ఎక్కువ భాజకాలున్నది లేదు. ఆ వరస ఇబ్బంది లేకుండా వస్తుంది. 100!కి భాజకాలు 39001250856960000. వాటిని వరస పెట్టమంటే ఏ యంత్రమూ పెట్టలేదు. ‘డివైజర్స్’ కొట్టే ముందు ‘న్యూమ్‌డివ్’ చూసుకోవడం నియమంగా పెట్టుకోవాలి.

పోటీలో ఉన్నవాటి సంగతి. డారియో అల్పెర్న్ బ్రౌజర్ కాలిక్యులేటర్ ఆదేశాలు నేర్చుకోవడం ఇష్టం లేనివాళ్లకి మొదటి ఎంపిక. కారణాంకాలతోపాటు భాజకాల సంఖ్య, మొత్తం, ఆయిలర్ ఫై, మోబియస్ ఒకేసారి చూపిస్తుంది, సంఖ్యని వర్గాల మొత్తంగా రాసి ఇస్తుంది. పని జరుగుతున్నంతసేపూ ఏ దశలో ఉందో కనిపిస్తుంది, ఈ ఒక్క విషయంలో జీపీ కంటే మెరుగు. కానీ ఒక షరతుకి సరిపోయే సంఖ్యలన్నిటినీ వెతకడం లాంటి పని జీపీలో రెండు లైన్లలో అయిపోతుంది. ఫ్యాక్టర్‌డీబీ అనేది లెక్క చేసే సాధనం కాదు, ఇంతవరకు తెలిసిన కారణాంకాల భాండాగారం. పెద్ద సంఖ్య చేతికి రాగానే ముందు అక్కడ వెతకడం తెలివైన పని. అక్కడ పీ అని ఉంటే నిరూపించిన ప్రధానం, పీఆర్‌పీ అని ఉంటే బహుశా ప్రధానం, ఎఫ్‌ఎఫ్ అంటే పూర్తిగా విడగొట్టింది, సీఎఫ్ అంటే కొంతవరకే. ఈ తేడాని అంత స్పష్టంగా చూపించడం వాళ్ల గొప్పతనం. లినక్స్‌లో ఉండే చిన్న ‘ఫ్యాక్టర్’ ఆదేశం ఇరవై ముప్పై అంకెల దాకా బాగా పనికొస్తుంది, పెద్ద కారణాంకాలు రెండుంటే చతికిలబడుతుంది. ఎనభై వంద అంకెల కఠిన సంఖ్యలే రోజూ వచ్చేవాళ్లకి యాఫూ అనే ప్రోగ్రామ్ జీపీ కంటే చాలా వేగం. ఆపైన సంఖ్యా క్షేత్ర జల్లెడ నడిపే కాడో ఎన్ఎఫ్ఎస్. 250 అంకెల సవాలు సంఖ్య ఆర్‌ఎస్‌ఏ-250ని 2020 ఫిబ్రవరిలో విడగొట్టింది దాంతోనే, దానికి పట్టిన శ్రమ ఒక్క కోర్ మీద అయితే దాదాపు 2700 ఏళ్లు. అలాంటి సంఖ్యని జీపీకి ఇచ్చి ఆశపడటంలో అర్థం లేదు.

ఏ సాధనం ఎంచుకున్నా మూడు సంఖ్యలతో పరీక్షించి చూడండి. 12345678987654321 ఇస్తే 3^4 × 37^2 × 333667^2 రావాలి. రాకపోతే అంకెలే సరిగా చదవడం లేదు. 3825123056546413051 ప్రధానమా అని అడిగితే కాదని చెప్పాలి. ఇది 149491 × 747451 × 34233211. కానీ 2 నుంచి 23 వరకు మొదటి తొమ్మిది ప్రధాన సంఖ్యలని బేస్‌గా పెట్టి మిల్లర్ రాబిన్ చేస్తే అన్నింట్లోనూ పాసైపోతుంది, ఆ గుణం ఉన్న సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. ఇక్కడ ప్రధానమని చెప్పిన సాధనం బేస్‌లు తక్కువ పెట్టుకుందన్నమాట. 37 దాకా మొదటి పన్నెండు బేస్‌లు వాడితే 2^64 లోపు తప్పు జరగదు. మూడోది 2^128 + 1. విడగొట్టడానికి నిమిషం దాటితే పెద్ద పనులకి అది సరిపోదు. జీపీ మూడింట్లోనూ నెగ్గుతుంది.

తరగతిలో సంఖ్యా సిద్ధాంతం చెప్పేవాళ్లకి, క్రిప్టోగ్రఫీ నేర్చుకునేవాళ్లకి, సంఖ్యల శ్రేణులు వెతికేవాళ్లకి జీపీని గట్టిగా సిఫారసు చేస్తాం: 5కి 4.5. అర పాయింటు తగ్గించింది ‘ఫ్యాక్టర్_ప్రూవెన్’ మూతపెట్టి ఉంచినందుకు, పని జరుగుతున్నప్పటి మౌనానికి. ఒకటీ అరా సంఖ్యల సంగతి మాత్రమే కావాల్సినవాళ్లు అల్పెర్న్ కాలిక్యులేటర్‌తో సరిపెట్టుకోవచ్చు. ఎక్కించుకునేటప్పుడు తాజా స్థిర వెర్షన్ తీసుకోండి. పాత లినక్స్ ప్యాకేజీల్లో ‘ప్రైమ్‌సర్ట్’ ఉండకపోవచ్చు, ప్రశ్నార్థకం తర్వాత ఆ పేరు కొట్టి చూస్తే ఉందో లేదో వెంటనే తెలుస్తుంది.